మంచం మీది బూట్లు

గుమ్మం దగ్గర

ఎముకల విభాగంలో కొత్తగా చేరే కుర్ర డాక్టర్లకు మొదటి రోజు నేను ఒకే మాట చెప్పేదాన్ని. రోగి కాలు చూసే ముందు రోగి చెప్పులు చూడండి. మా ఓపీ గది గుమ్మం పక్కన "చెప్పులు బయట విడవండి" అని బోర్డు ఉండేది. దాని కింద పొద్దున్నే చెప్పుల వరస మొదలై, పదకొండు గంటలకల్లా మెట్ల దాకా సాగేది. లోపలికి వచ్చే ముందు ఆ వరస మీద ఒకసారి కన్ను వేస్తే చాలు, లోపల ఎవరెవరు కూర్చున్నారో సగం తెలిసిపోతుంది. ఒక చెప్పు అరిగి ఇంకొకటి కొత్తగా ఉంటే, ఆ మనిషి ఒక కాలి మీదే బరువు వేస్తున్నాడు. బయటి అంచు మాత్రమే కాగితంలా పలచబడితే పాదం లోపలికి తిరిగి ఉంది. మనిషి సిగ్గుపడి నొప్పి దాచొచ్చు, మొగుడు పక్కనున్నాడని భార్య ఏమీ లేదనొచ్చు. చెప్పుకు ఆ మొహమాటాలు లేవు.

ఆ బోర్డు మీద నాకు చాలా ప్రేమ. ఆ బోర్డే నా పనిని పాడుచేస్తూ వచ్చిందని, ఆ సంగతి నాకు పాకాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ చెప్పేదాకా తెలియదు. నా ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఆ అవ్వ సంగతి మీకు కావాలి.

నా గురించి రెండు ముక్కలు. మా నాయన చిత్తూరులో బడిపంతులు. సాయంత్రమైతే గ్రంథాలయం అరుగు మీద కూర్చుని జాతకాలు చూసేవాళ్లతో, శకునాలు లెక్కపెట్టేవాళ్లతో వాదానికి దిగేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. అవతలివాడు నోరు మూసుకుంటే నాయన నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసేవాడు. అలా పెరిగాను. దేవుణ్ణి నమ్మని మనిషికి తిరుపతిలో ఉద్యోగం ఎలా ఉంటుందని చాలామంది అడిగారు. బ్రహ్మాండంగా ఉంటుంది. వాదించడానికి మనుషుల కొరత ఉండదు.

తిన్నగా ఉన్న పలక

నా పనిలో ఎక్కువ కాలం వంకర పాదాలతోనే గడిచింది. పుట్టిన బిడ్డ రెండు పాదాలూ లోపలికి ముడుచుకుని, అరికాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటూ, మడమలు పైకి లాగేసి ఉంటాయి. అరుదైన జబ్బేమీ కాదు. ఏమీ చేయకుండా వదిలేస్తే బిడ్డ పెద్దయి, పాదం పక్క మీద, చివరికి మీగాళ్ల మీద నడుస్తుంది. మా వైపు సంతల్లో అలా నడిచే పెద్దవాళ్లను మీరూ చూసే ఉంటారు.

బిడ్డను తెచ్చిన తల్లితో మొదట చెప్పాల్సింది వైద్యం గురించి కాదు. "ఇందులో నీ తప్పు ఏమీ లేదమ్మా" అని చెప్పాలి. అందరూ వినేలా, గట్టిగా చెప్పాలి. ఎందుకంటే ఆమె మీ దగ్గరికి వచ్చేలోగా, గ్రహణం నాడు కాళ్లు ముడుచుకుని పడుకున్నావని ఒకరు, గుమ్మం మీద కూర్చున్నావని ఒకరు ఆమెను నిలబెట్టి అడిగి ఉంటారు. గ్రహణం రోజు దేశంలో గర్భిణులందరూ ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంటారు కదా, మరి అందరి బిడ్డలకూ ఇలా ఎందుకు కాలేదని వెంట వచ్చినవాళ్లను నేను ఎదురు అడిగేదాన్ని. ఆ తల్లి ముఖంలో కొంచెం వెలుగు వచ్చేది. మన ఫీజులో సగం అక్కడే తీరిపోతుంది.

తొంభైల మొదట్లో మా దగ్గర వైద్యం ఇలా ఉండేది. కొన్నాళ్లు పాదాన్ని బలవంతంగా వంచి కట్లు వేయడం. అది ఎలాగూ కుదరదు. కుదరదని తేలాక బిడ్డను టేబుల్ మీదికి ఎక్కించి, పాదం వెనకా లోపలా కోసి, బిగుసుకున్నవన్నీ వదులుచేసి, పాదాన్ని తిన్నగా నిలబెట్టడం. మా యూనిట్‌కు పెద్ద డాక్టరు ఉండేవారు. ఆ ఆపరేషన్‌లో ఆయన చెయ్యి చూస్తే ముచ్చటేసేది. అంత చిన్న పాదంలో ఒక్క నరానికి, ఒక్క రక్తనాళానికి దెబ్బ తగలకుండా పని ముగించేవారు. కోపం తక్కువ, వేళాకోళం ఎక్కువ. ఆయన దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్నందుకు ఇప్పటికీ గర్వపడతాను.

ఒకరోజు శ్రీకాళహస్తి వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పసితనంలో ఆయనే ఆపరేషన్ చేసిన పిల్ల. టైలరు దగ్గర పనికి కుదిరింది. ఆయన ఆమె పాదాన్ని చేతిలోకి తీసుకుని, మచ్చ మీద బొటనవేలితో రాసి, మా అందరికీ చూపించారు.

"చూశారా? గీత గీసినట్టు ఎంత తిన్నగా ఉందో!"

"తిన్నగానే ఉండాది సార్" అంది ఆ పిల్ల. "కానీ మడత పడదు. మిషను తొక్కేకి అయ్యేల్యా."

"తిన్నగా ఉంది కదమ్మా!"

"పలక కూడా తిన్నగానే ఉంటాది సార్."

మేం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయన కూడా నవ్వారు. కానీ ఆ సాయంత్రం ఆయన టీ తాగకుండానే ఇంటికి వెళ్లిపోయారు.

అలాంటివాళ్లు వరసగా వచ్చేవారు. కోసిన చోట మచ్చ గట్టిపడి, చీలమండ బిగుసుకుపోయి, పదిహేనేళ్లకే నొప్పి. ఆపరేషన్ బాగా జరగక కాదు, బాగానే జరిగింది. మేం కొలిచేది పాదం ఆకారాన్ని. వాళ్లకు కావలసింది పాదం పని.

మేస్త్రీ పని

కోయకుండా బాగుచేసే పద్ధతి ఒకటి వేరే దేశంలో ఎప్పటినుంచో ఉంది. అది నేను కనిపెట్టింది కాదు, ఆ గొప్ప నాకు వద్దు. పుట్టిన కొద్ది రోజులకే మొదలుపెట్టి, వారానికొకసారి పాదాన్ని మెత్తగా కొంచెం తిప్పి తడి ప్లాస్టర్ కట్టు వేయాలి. ఎక్కడ వేలు ఆనించాలి, ఏ వంకర ముందు తీయాలి అన్నదే కిటుకు. మొదట పాదం ముందు భాగాన్ని పైకెత్తాలి, తర్వాత మొత్తం పాదాన్ని బయటికి తిప్పుకుంటూ రావాలి. మేం ఇన్నాళ్లూ చేసింది దానికి సరిగ్గా తిరగేసి! కొన్ని కట్లకు పాదం తిరుగుతుంది. చివర్న మడమ వెనక లాగి పట్టే స్నాయువును సన్నగా తెంపితే మడమ కిందికి దిగుతుంది. ఆ తెంపిన చోటు మళ్లీ అతుక్కుంటుంది. అంతే.

ఇది చేస్తానన్నప్పుడు పెద్ద డాక్టరు నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఏమ్మా, నువ్వు సర్జన్‌వా, మేస్త్రీవా? ఇంత చదువు చదివి సున్నం పిసుకుతానంటావేంటి?"

ఆ రోజు నుంచి థియేటర్‌లో అందరికీ నేను మేస్త్రీనే.

"ఇన్నేళ్లుగా నేను చేస్తున్నాను" అన్నారు. ఈ వాక్యాన్ని జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. మా తాతల కాలం నుంచీ చేస్తున్నామని ఊళ్లో ఎవరైనా అంటే దాన్ని మూఢనమ్మకం అంటాం. తెల్లకోటు వేసుకుని అంటే అనుభవం అంటాం. రెండింటికీ తేడా ఏమిటని ఆయన్నే అడిగాను. ఆయన పక్కకు తిరిగి నవ్వారు. "సరే, వచ్చిన బిడ్డలను కొన్నాళ్లు నువ్వే చూడు. కుదరకపోతే ఎలాగూ నా టేబుల్ మీదికే కదా" అన్నారు.

ఇక్కడొక తమాషా జరిగింది. కొత్త పద్ధతికి రోగులు అడ్డం చెబుతారని నేను వాదాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఒక్కరూ అడ్డం చెప్పలేదు. మా జిల్లాలో ఎముక విరిగితే జనం ముందు నాటుకట్టు కోసం పుత్తూరు పోతారు. ఆపరేషన్ అంటే భయం, కట్టు అంటే నమ్మకం. "కోయరు గదా మేడమ్? కట్టే గదా?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగకుండా వారంవారం బస్సెక్కి వచ్చేవారు. మొండికేసింది డాక్టర్లు మాత్రమే.

కొన్ని నెలలయ్యాక పెద్ద డాక్టరు ఒకరోజు చెప్పకుండా నా గదికి వచ్చి, కట్లు పూర్తయిన ఒక బిడ్డ పాదాన్ని అందుకున్నారు. పైకి వంచారు, కిందికి వంచారు. మళ్లీ వంచారు. ఆ బిడ్డ ఆయన ముక్కు మీద తన్నింది. చక్కగా, పూర్తిగా చాపి తన్నింది. ఆయన ముక్కు రుద్దుకుంటూ వెళ్లిపోయారు. మర్నాడు చొక్కా చేతులు మడిచి వచ్చి నిలబడ్డారు.

"సున్నం ఎలా పిసకాలో చూపించు, మేస్త్రీ."

ఉద్యోగం ముగించే వయసులో ఆ మాట అనగలిగినవాణ్ణి ఆయన ఒక్కణ్ణే చూశాను. నేర్చుకోవడానికి వయసు దాటిపోయిందని మీతో ఎవరైనా అంటే, ఆ తన్ను సంగతి చెప్పండి.

నడింట్లోకి రాని వస్తువు

కట్లతో పని ముగియదు. ముగిస్తే పాదం మళ్లీ పాత దారి పడుతుంది. అందుకే రెండు చిన్న బూట్లు, వాటిని కలుపుతూ మధ్యలో ఒక కట్టె. పాదాలు బయటికి తిరిగి ఉండేలా వీటిని మొదట కొన్ని నెలలు రోజంతా, తర్వాత నాలుగేళ్ల వయసు దాకా రాత్రిళ్లు వేసి పడుకోబెట్టాలి. బిడ్డలు కొన్నాళ్లు ఏడుస్తారు, తర్వాత అలవాటు పడతారు. ఆ బూట్లను బజారులో ఒక బూట్ల పనివాడితో కుట్టించేవాళ్లం. నల్లతోలు, లేసులు, మడమ, అడుగున గట్టి అట్ట. ముచ్చటైన బూట్లు.

పాదాలు తిరగబడటం మొదలైంది. ఎంత బాగా కట్లు వేసినా, కొన్ని నెలలకు కొందరు పిల్లల పాదాలు లోపలికి వంగి వచ్చేవి. తల్లులను అడిగితే "వేస్తా ఉండాం మేడమ్" అనేవారు. తల్లుల నిర్లక్ష్యమని మా వాళ్లు తేల్చేశారు. మన వృత్తిలో కారణం తెలియనప్పుడు తల్లి మీద తోసేయడం సులువు. గ్రహణం వాళ్లూ అదే కదా చేసేది?

పాకాల దగ్గరి పల్లె నుంచి హేమ అనే పాప వచ్చేది. నాయన ప్రసాద్ టమోటా పండిస్తాడు, తల్లి సుజాత. పాప పాదాలు ఒకసారి బాగుచేశాను, తిరగబడ్డాయి. మళ్లీ కట్లు వేశాను, బాగయ్యాయి. ఇప్పుడు మళ్లీ వంగడం మొదలైంది. ఏడాది నిండబోతోంది, గోడ పట్టుకుని లేవాలని చూస్తోంది. ఇంకోసారి తిరగబడితే కత్తి తప్పదు. కత్తి పడితే మిషను తొక్కలేని ఆ శ్రీకాళహస్తి అమ్మాయి పాదమే ఈ పాపకూ. అది నాకు నిద్రలో కూడా కనబడుతోంది. ఆ రోజు సుజాతతో అత్తగారు కూడా వచ్చింది. నాగరత్నమ్మ. పెద్ద ముక్కుపుడక, అంతకన్నా పెద్ద గొంతు.

"బూట్లు వేస్తా ఉండావా సుజాతా?"

"వేస్తా ఉండా మేడమ్."

"ఏవీ? తెచ్చినావా?"

"బయటుండాయి మేడమ్" అని వెళ్లి తెచ్చింది. లోపలి తోలు అంగట్లో ఉన్నట్టే నున్నగా ఉంది. పాదం ఒత్తిన గుర్తే లేదు. నేను గొంతు పెంచాను. "ఇదేనా వేయడం? ఇవి రాత్రంతా వేసిన బూట్లేనా?"

సుజాత తల వంచుకుంది. అత్తగారు ముందుకు జరిగింది.

"దాన్నెందుకు అరస్తావమ్మా? నన్నడుగు. అది ఏస్తాది. అది నిద్రపోయినాక నేను తీసేస్తా."

"ఎందుకు తీసేస్తావు అవ్వా?"

"ఎందుకంటే? చెప్పులేసుకోని మంచమెక్కితే ఇంట్లో లచ్చిమి నిలస్తాదా? మా నడింట్లో దేవుడి పటాలుండాయి. ఆ గోడ కాడే బిడ్డ పడక. నా మొగుడే ఏనాడూ చెప్పుతో గడప తొక్కింది లేదు. గుప్పెడంత పిల్లకు బూట్లేసి పండబెట్టేదా?"

ఓపీ నిండా జనం. నాకు చిత్తూరు గ్రంథాలయం అరుగు గుర్తొచ్చింది. చేతులు కట్టుకుని వెనక్కి వాలాను.

"చెప్పుల అంగడోడి ఇల్లు చూసినావా అవ్వా, తిరుపతిలో? మూడు అంతస్తులు. ఇంటినిండా చెప్పులే. వాని దగ్గరికి లచ్చిమి రాలేదా?"

జనం నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. "వాడు అమ్ముకుంటాడు గానీ, మంచం మీద యేసుకోని పండుకోడు గదా అమ్మణ్ణీ."

ఈసారి జనం ఇంకా గట్టిగా నవ్వారు. నేను నా పెద్ద అస్త్రం తీశాను. కొండ కింద అలిపిరి పాదాల మంటపంలో స్వామివారి పేరుతో పెద్ద తోలు చెప్పులు ఉంటాయి. భక్తులు వాటిని నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు.

"అలిపిరిలో చెప్పులు నెత్తిన పెట్టుకుని తిరిగినావా లేదా?"

"తిరిగినా. ఏటేటా తిరగతా."

"నెత్తి మీదికి వచ్చే చెప్పు మంచం మీదికి రాకూడదా?"

పక్కన నర్సు నా వైపు మెచ్చుకోలుగా చూసింది. నాగరత్నమ్మ మాత్రం చెక్కుచెదరలేదు.

"అవి సామివి. మనుషులు యేసుకోని పేడ తొక్కినవా, పెంట తొక్కినవా? నీకు తెలిసే అడగతా ఉండావు."

అంతే. ఆమె నోటితోనే చెప్పేసింది! నేను కుర్చీలోంచి లేచాను. "ఇవి మాత్రం తొక్కినాయా అవ్వా? బిడ్డ ఇంకా అడుగే వేయలేదు. నడుమ ఈ కట్టె ఉండాది, వీటితో ఎవురూ నడవలేరు. ఇవి నేల తాకే బూట్లు కావు. కావాలంటే అడుగు చూడు" అని బూట్లను అందరికీ కనబడేలా తిరగేసి పట్టుకున్నాను.

అట్ట నిండా ఎర్రమన్ను. మడమకు ఒక చింతగింజ అంటుకుని ఉంది.

అవ్వ తాపీగా ఆ చింతగింజను గోటితో గీకింది.

"ఇదేంది మరి? మీ ఆయమ్మే గదా, గుమ్మం కాడ పట్టుకోని 'బూట్లు బయటే' అని ఇడిపించింది? బోర్డు కూడా సూపించింది. వచ్చినప్పుడల్లా అదే కత. అందురి చెప్పుల మద్దెలో పెడతాం, అందురూ తొక్కతారు. మీ ఆసుపత్రి గడపే దాటనీని దాన్ని నా నడింట్లోకి యెట్ల రానిస్తా? ఈడ చెప్పు, ఆడ కాదా?"

ఓపీ గొల్లుమంది. బూట్లను బల్ల మీద పెట్టేశాను. వాదంలో నోరు మూసుకున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూశాను. అది లోపలి నుంచి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. అంత బాధేమీ ఉండదు.

"మరి ఇన్ని వారాలు కట్టు కట్టినాను గదవ్వా, అది మంచం మీదనే గదా ఉన్నింది?" అని అడిగాను. ఈసారి గెలవడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి.

"కట్టును ఎవురేమన్నారు? కట్టు వేరే, బూటు వేరే. పుత్తూరు కట్టుతో మా ఆయన నెల దినాలు దేవుడి పటాల కిందనే పండుకున్నాడు" అంది అవ్వ. ఆ తర్వాత పాపను ఒడిలోకి లాక్కుని, కొంచెం తగ్గిన గొంతుతో అంది. "నాకు మాత్రం దీని కాళ్లు బాగుపడాలని ఉండదా?"

అట్ట లేని బూటు

పెద్ద డాక్టరుకు ఈ సంగతి మధ్యాహ్నానికే తెలిసింది. "మీ నాయనకు జాబు రాయనా మేస్త్రీ? ఒక అవ్వ నిన్ను పడగొట్టిందని?" అన్నారు. "రాయండి. ఏ పట్టుతో పడగొట్టిందో కూడా రాయండి" అన్నాను.

ఆ సాయంత్రమే బూట్ల పనివాడి దగ్గరికి పోయాను. తోలు వద్దు, మందపాటి తెల్లగుడ్డతో కుట్టు. లోపల మెత్తటి పొర. మడమ వద్దు, అట్ట వద్దు. పాదం కిందికి పలచటి చెక్క, దాన్ని నేరుగా నడిమి కట్టెకు బిగించు.

"అట్ట లేకుండా బూటా? నడిస్తే ఒక్క దినం రాదు మేడమ్. నేను కుట్టినానని యాడా చెప్పొద్దు, నా పేరు పోతాది."

"దీనితో ఎవురూ నడవరప్పా."

"నడవనోళ్లకు బూటెందుకు?"

"అందుకే ఇది బూటు కాదు."

అతను తల గోక్కున్నాడు గానీ కుట్టాడు. పిల్లలకు అది ముందుదానికన్నా మెత్తగా ఉంది, తేలిగ్గా ఉంది. అట్ట బరువు మోయించడం ఎందుకని మాకు అంతకుముందు తోచనే లేదు. బూటు అన్నాం కాబట్టి అట్ట ఉండాలనుకున్నాం.

మర్నాటి నుంచి ఆయమ్మకు కొత్త ఆర్డరు. బోర్డు బోర్డే, కానీ ఈ వస్తువు గుమ్మం దగ్గర ఆగకూడదు. కట్లు, దూది పెట్టే స్టీలు ట్రేలోనే దీన్నీ పెట్టాలి. పేరు కూడా మార్చాం. "రాత్రి కట్టు." అన్నిటికన్నా పెద్ద మార్పు ఇంకొకటి. ఎలా వేయాలో తల్లికి చెప్పి పంపేవాళ్లం కదా, ఇక మీదట ఇంట్లో పెద్దావిడ వచ్చేదాకా చెప్పేది లేదన్నాం. రాత్రిపూట ఆ ఇంట్లో బిడ్డ కాళ్ల మీద అధికారం ఎవరిదో తెలుసుకోకుండా వైద్యం చేయకండి. మందు చీటీ తల్లి చేతికి ఇవ్వండి, మాట మాత్రం అవ్వతో మాట్లాడండి.

నాతోటి హేతువాద మిత్రులు కొందరు నన్ను తిట్టారు. మూఢనమ్మకంతో రాజీపడ్డానన్నారు. పడలేదు. చెప్పు మంచమెక్కితే లక్ష్మి పోతుందన్న మాట ఆనాడూ అబద్ధమే, ఈనాడూ అబద్ధమే. ఆ మాట నాగరత్నమ్మ ముఖం మీదే చెప్పాను, ఆమె నా ముఖం మీదే నవ్వింది. కానీ వీధిలో పేడ తొక్కిన వస్తువును బిడ్డ పక్కలో పెట్టననడం మూఢత్వమా? నేను థియేటర్‌లోకి బయటి చెప్పులు రానివ్వను కదా! ఆమె మాటలో సగం లక్ష్మి, సగం శుభ్రం. నేను లక్ష్మిని మాత్రమే విని, శుభ్రాన్ని వినకుండా వాదించాను. మా నాయన గెలుపు నేర్పాడు. అవతలి మాటలో ఏ సగం నిజమో వెతకడం కూడా వాదంలో భాగమేనని పాకాల వైపు నుంచి వచ్చిన ఆవిడ నేర్పింది. ఈ పిల్లల కాళ్లు మన వాదం ముగిసేదాకా ఆగవు, ఎముక ముదిరిపోతుంది.

హేమకు మూడోసారి కట్లు వేశాను. ఇది ఆఖరి అవకాశమని ఇంట్లో అందరికీ చెప్పాను. కట్లు విప్పిన రోజు కొత్త రాత్రి కట్టును ట్రేలో పెట్టి అవ్వకు అందించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగు చూసి, వాసన కూడా చూసి, పైట కొంగులో చుట్టుకుంది.

ఆ తర్వాత వాళ్లు వచ్చిన ప్రతిసారీ మిగతావాళ్లను ఆపి ముందు పాప పాదాన్నే నా చేతిలోకి తీసుకునేదాన్ని. మడమ వెనక వేలు పెట్టి పైకి వంచుతాను. వంగుతుంది. మళ్లీసారి, వంగుతుంది. మధ్యలో ఒకసారి పాప జ్వరంతో ఏడుస్తుంటే ప్రసాద్ జాలిపడి కట్టు విప్పబోయాడట. ఆ సంగతి అతనే ఓపీలో చెప్పి వాపోయాడు.

"మా యమ్మ ఏమనింది తెలుసా మేడమ్? 'రేయ్, దాన్ని ముట్టినావంటే నీ చెయ్యి ఇరిసి నేనే పుత్తూరుకు తోలతా' అనింది. టమోటా లోడు దింపేటప్పుడు కూడా నన్ను అంత తిట్టల్యా."

"తిట్టాల్సిందే" అన్నాను.

"ఇద్దురూ ఒకటైపోతిరి" అన్నాడు.

ఏ జత?

హేమకు నాలుగేళ్లు దాటాక ఒక ఉదయం వాళ్లు ముగ్గురూ వచ్చారు. పాప అవ్వ చెయ్యి విడిపించుకుని లోపలికి పరిగెత్తుకొచ్చింది. బల్ల ఎక్కించి, పాదాలు అటూ ఇటూ వంచి, మునివేళ్ల మీద నిలబెట్టి, గొంతుక్కూర్చోబెట్టి చూశాను. గొంతుక్కూర్చుంటే మడమలు రెండూ నేలకు ఆనాయి. ఇంక రాత్రి కట్టు అక్కర్లేదని చెప్పాను. సుజాత కళ్లు తుడుచుకుంది. నాగరత్నమ్మ మాత్రం ఊరుకోలేదు.

"అక్కర్లేదంటే సరిపోతాదా? అది లేకుంటే ఇది నిద్రపోదంట. మొన్న ఒకనాడు ఉతికి ఆరేసి కట్టకుండా సూస్తే ఇల్లంతా యేకం చేసింది. ఇప్పుడేం జేసేది డాక్టరమ్మా?"

"నాకు కావాల! నా కట్టు నాకు కావాల!" అని పాప బల్ల మీదే కాళ్లు కొట్టింది. రెండు పాదాలూ సమానంగా, గట్టిగా.

"కాళ్లకు కట్టొద్దవ్వా. పక్కలో పెట్టుకోనీ, కొన్నాళ్లకు మరిచిపోతాది. కానీ మంచం మీద..." అని ఆగాను.

"పెట్టుకోనీలే" అంది అవ్వ చెయ్యి విసిరి. "మంచం దానిది."

చీటీ కోసం వాళ్లు లోపల ఆగారు. నేను బయటికి వచ్చాను. పాత అలవాటు. గుమ్మం పక్కన చెప్పుల వరస, అందులో చిన్నపిల్లలవి నాలుగైదు జతలు. వంగి ఒక్కొక్కటే తిరగేశాను. బయటి అంచు పలచబడిన జత కోసం చూశాను. ఏదీ లేదు. అన్నీ మడమ దగ్గర అరిగి, వేళ్ల దగ్గర అరిగి, వీధిలో ఆడుకునే పిల్లల చెప్పులు అరిగినట్టే అరిగి ఉన్నాయి.

వెనకనుంచి నాగరత్నమ్మ గొంతు.

"ఏం వెతకతా ఉండావు అమ్మణ్ణీ, చెప్పుల్లో?"

"మీ హేమవి ఏవి అవ్వా?"

"నువ్వే చెప్పు. చెప్పులు సూసి మనిషిని చెప్తావంట గదా?"

ఇంకోసారి ఆ జతలన్నీ చూశాను. చెప్పలేకపోయాను.